ఒకే క్లాసు, రెండు చదువులు: విజయవాడ, గుంటూరు ఇంటర్ విద్యార్థుల విసుగు వెనక ఏముంది?

క్లుప్తంగా: ఇంటర్ పూర్తి చేసి బయటికొస్తున్న పిల్లల అసంతృప్తిని ‘ఒత్తిడి’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం అలవాటైపోయింది. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే ఒక పొసగనితనం కనబడుతుంది. ఒకే పాఠాన్ని ఇంటర్ బోర్డు ఒక రకంగా అడుగుతుంది, ఇంజినీరింగ్, మెడిసిన్ ఎంట్రన్స్ ఇంకో రకంగా అడుగుతుంది. రెండింటికీ అవే రెండేళ్లలో, అదే గదిలో తయారు కావాలి. సెక్షన్ల విభజన, సెలవుల కోత, ఫీజుల గొడవ చాలావరకు దీని చుట్టూ పెరిగినవే. 2025-26లో మొదలైన కొత్త సిలబస్ దీన్ని కొంత సరిచేయవచ్చు. అయితే అది పుస్తకం కన్నా ప్రశ్నపత్రం మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ముగింపు లేని ఇంటర్

మార్చిలో సెకండియర్ ఆఖరి పేపర్ అయిపోయిన సాయంత్రం విజయవాడ శివార్లలోని పోరంకి, కానూరు, ఎనికేపాడు వైపు హాస్టళ్ల ముందు ఒకటే దృశ్యం. పరుపు చుట్టలు, బకెట్లు, తాళం వేసిన ట్రంకు పెట్టెలు గేటు బయటికి వస్తాయి. ఆటోవాళ్లతో బేరాలు సాగుతుంటాయి. పెట్టె మూత లోపలివైపు అంటించుకున్న ఫార్ములాల కాగితాన్ని మాత్రం చాలామంది పీకరు. దానితో పని ఇంకా అయిపోలేదు. సామాన్లు కొన్ని బస్టాండుకు పోతాయి, మిగతావి రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌కు క్రాష్ బ్యాచ్ నడిచే ఇంకో క్యాంపస్‌కు చేరతాయి. (పరీక్ష పేరు 2021లో మారినా ఊళ్లో అందరి నోటా అది ఇప్పటికీ ఎంసెట్టే.)

సెకండియర్ పిల్లల క్యాలెండర్ ఇలా ఉంటుంది. జనవరిలో జాతీయ స్థాయి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ జేఈఈ మెయిన్ మొదటి విడత. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్. ఆ వెంటనే ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో పబ్లిక్ పరీక్షలు మొదలు. ఏప్రిల్లో మెయిన్ రెండో విడత. మేలో ఈఏపీసెట్, బైపీసీ వాళ్లకు మే మొదట్లోనే మెడిసిన్ ఎంట్రన్స్ నీట్. ప్రైవేటు యూనివర్సిటీల పరీక్షలు వీటి సందుల్లో దూరతాయి. ఆ తర్వాత కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు. ఇందులో ఏ రోజున ఇంటర్ అయిపోయినట్టు? ‘పరీక్షలు అయిపోయాయిగా, ఇంకేంటి?’ అని ఇంట్లో అడిగితే పిల్లలు చిరాకు పడేది ఇందుకే.

ఎనిమిది మార్కుల ప్రశ్న

పాత పద్ధతి సెకండియర్ ఫిజిక్స్ పేపర్ ఒకటి ముందు పెట్టుకుంటే విషయం తేటపడుతుంది. మొత్తం 60 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలు 10, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి 8 ఇస్తారు, 6 రాస్తే చాలు. ఎనిమిది మార్కులవి 3 ఇస్తారు, 2 రాయాలి. ఆ మూడూ సాధారణంగా ఏ చాప్టర్ల నుంచి వస్తాయో లెక్చరర్‌కు తెలుసు, పిల్లలకు తెలుసు, ఏలూరు రోడ్డులో గైడ్లు అమ్మే కుర్రాడికీ తెలుసు: వేవ్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, న్యూక్లియై. డాప్లర్ ఎఫెక్ట్, పొటెన్షియోమీటర్, న్యూక్లియర్ రియాక్టర్ బొమ్మ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చినవే. మూడు చాప్టర్లలో రెండు గట్టిగా పట్టుకుంటే 16 మార్కులు చేతిలో పడ్డట్టే.

రియాక్టర్ బొమ్మనే తీసుకుందాం. స్లిప్ టెస్టుల్లో, ప్రీఫైనల్స్‌లో పదులసార్లు గీసిన చేతికి మోడరేటర్, కంట్రోల్ రాడ్లు, కూలెంట్ అని బాణాలు పెట్టడం నిద్రలో కూడా వస్తుంది. ఎరుపు పెన్సిల్ ఎక్కడ వాడాలో, ఏ వాక్యం కింద గీత గీస్తే దిద్దేవారి కంట పడుతుందో కూడా నేర్పుతారు. అదే చాప్టర్ నుంచి జేఈఈలో వచ్చేది బైండింగ్ ఎనర్జీ లెక్కో, హాఫ్ లైఫ్ లెక్కో. అక్కడ బొమ్మకు మార్కుల్లేవు, అందమైన దస్తూరికీ లేవు.

టైం లెక్క ఇంకా తేడా. బోర్డు పేపర్‌లో 60 మార్కులకు మూడు గంటలు. అదే మూడు గంటల్లో జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు చేయాలి, అంటే ప్రశ్నకు 144 సెకన్లు, తప్పు రాస్తే మార్కు పోతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి 67 సెకన్లు, మైనస్ మార్కులు లేవు కాబట్టి తెలియనివి కూడా గుడ్డిగా పెట్టేసి రావడమే పద్ధతి. నీట్‌లో 180 ప్రశ్నలు, నిమిషానికి ఒకటి. బోర్డుకు వివరంగా రాయడం కావాలి, ఈఏపీసెట్‌కు వేగం కావాలి, జేఈఈకి వదిలేయాల్సిన ప్రశ్నను గుర్తుపట్టడం కావాలి. ఒకదానికి అలవాటైన చెయ్యి ఇంకోదానిలో తడబడడం సహజం.

కాలేజీలు దీన్ని సర్దుబాటు చేసే తీరు దాదాపు ఒకటే. టెస్టు మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొడతారు. పై సెక్షన్లలో జూన్ నుంచి డిసెంబరు దాకా ఎంట్రన్స్ మెటీరియల్ నడుస్తుంది. తర్వాత గేరు మార్చి ‘ఐపీఈ’ (ఇంటర్ పబ్లిక్ పరీక్షల తయారీ) మొదలవుతుంది, అంటే రోజూ రాత పరీక్షలు, ఇంపార్టెంట్ ప్రశ్నలు, స్టడీ అవర్స్‌లో బట్టీ. కింది సెక్షన్లలో దీనికి తలకిందులు. అక్కడ ఏడాది పొడవునా ఐపీఈయే, ఎంట్రన్స్ ఆఖరి రెండు నెలల్లో. కాబట్టి మంచి ర్యాంకు తెచ్చుకునే పిల్లలు ‘నేర్పింది ఒకటి, రాయించింది ఇంకొకటి’ అంటారు. మిగతావారు ‘అడ్మిషన్ అప్పుడు చెప్పింది ఒకటి, నేర్పింది ఇంకొకటి’ అంటారు. రెండూ ఒకే జబ్బు లక్షణాలు.

ముప్పై మార్కుల విలువ

ఎంపీసీకి రెండేళ్లూ కలిపి 1000 మార్కులు. 980 దాటినవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారని బెజవాడలో సరదాగా అంటుంటారు. ఆ మార్కులు ఎక్కడ ఎంత పనికొస్తాయో లెక్కేస్తే సరదా తగ్గుతుంది.

ఈఏపీసెట్ ర్యాంకులో పరీక్షకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. కోవిడ్ కాలంలో దీన్ని పక్కనపెట్టి, తర్వాత మళ్లీ తెచ్చారు. తెలంగాణ 2023లో పూర్తిగా ఎత్తేసింది. ఆంధ్రాలో లెక్కకు తీసుకునేవి గ్రూప్ సబ్జెక్టులు మాత్రమే. పాత పద్ధతిలో మ్యాథ్స్ 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, మొత్తం 600. ఇంగ్లిష్, ద్వితీయ భాష కలిపి ఉన్న 400 మార్కులకు ఇక్కడ చోటు లేదు. మార్కులు బాగా పడతాయని అక్షరమాలతో మొదలుపెట్టి సంస్కృతం తీసుకున్నవారికి వచ్చే 198, 199లు టోటల్‌ను ముస్తాబు చేస్తాయి తప్ప ర్యాంకును కదపవు. తెలుగు వదిలేసుకుని తెచ్చుకున్న మార్కులు కనుక ఈ లెక్క కాస్త గుచ్చుకుంటుంది.

ఇప్పుడు 600కు 540 వచ్చిన విద్యార్థిని, 570 వచ్చిన విద్యార్థిని పోల్చి చూద్దాం. 25కు కుదిస్తే మొదటివారికి 22.5, రెండోవారికి 23.75. తేడా 1.25. ఈఏపీసెట్‌లో 160 మార్కులను 75కు కుదిస్తారు కాబట్టి ఆ 1.25ను పరీక్షలో పూడ్చుకోవడానికి మూడు ప్రశ్నల లోపే చాలు. ముప్పై ఇంటర్ మార్కులంటే నెలల కొద్దీ రాత పరీక్షలు. మూడు ప్రశ్నలంటే అదృష్టం బాగుంటే నాలుగు నిమిషాలు. ర్యాంకుల మధ్య భాగంలో ఒక్క మార్కు దగ్గరే బోలెడుమంది గుమిగూడి ఉంటారు కనుక ఆ మూడు మార్కులనూ తీసిపారేయలేం. శ్రమకూ ఫలితానికీ మధ్య నిష్పత్తి మాత్రం పిల్లల కంట పడకుండా పోదు.

జేఈఈ దారి వేరు. 2013 నుంచి 2016 దాకా మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం వాటా ఉండేది. 2017లో తీసేశారు. ఇప్పుడు ఎన్ఐటీ సీటుకు బోర్డులో 75 శాతం, లేదా ఆ బోర్డులో పైనున్న 20 శాతం మందిలో (టాప్ 20 పర్సెంటైల్) ఉంటే చాలు. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. అంటే అక్కడ ఇంటర్ ఒక గేటు. దాటితే చాలు, ఎంత ఎత్తుకు ఎగిరి దాటారన్నది ఎవరూ చూడరు.

ఈ రెండు ఊళ్లకే ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971 చట్టంతో ఇంటర్ బోర్డు ఏర్పడింది. దానితో హైస్కూలు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు. ఇక్కడ పదిహేనేళ్ల పిల్లలు ఒక్క వేసవిలో ‘కాలేజీ’ విద్యార్థులైపోతారు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకే వర్తిస్తుంది. బడి ఇచ్చే రక్షణ లేక, కాలేజీ ఇచ్చే స్వేచ్ఛా లేక మిగిలిపోయిన వయసు ఇది. 2022లో కొన్ని హైస్కూళ్లలోనే ఇంటర్ పెట్టి ‘హైస్కూల్ ప్లస్’ అన్నారు. ఆ ప్రయోగం ఈ రెండు నగరాల్లో పెద్దగా ప్రభావం చూపలేదు.

ఒకప్పుడు గుంటూరు ఏసీ కాలేజీ, బెజవాడ ఎస్సారార్ కాలేజీ, లయోలా లాంటి చోట్ల డిగ్రీ పిల్లల పక్కనే ఇంటర్ పిల్లలూ ఉండేవారు. మైదానం, లైబ్రరీ, ఎన్‌సీసీ అన్నీ అందుబాటులో ఉండేవి. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ చట్టం వచ్చాక ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకు ఎంట్రన్సే తలుపయింది. డబ్బుతో కొనే సీటు స్థానంలో ర్యాంకుతో వచ్చే సీటు రావడం మంచి మార్పే. అయితే ర్యాంకును తయారుచేసే వ్యాపారం కూడా అక్కడే మొలకెత్తింది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో ట్యుటోరియల్స్ అప్పటికే అలవాటు. 1986లో విజయవాడలో డాక్టర్ బి.ఎస్. రావు అమ్మాయిల జూనియర్ కాలేజీతో శ్రీచైతన్య మొదలైంది. రైల్వే జంక్షన్, చుట్టూ డెల్టా ఊళ్లు, పంట మీద మిగిలిన డబ్బును పిల్లల చదువు మీద పెట్టే అలవాటు తోడయ్యాయి. ‘బెజవాడలో చేర్పించాం’ అనడం ఒక హోదా అయింది.

రాజస్థాన్‌లోని కోటాతో పోల్చితే ఇక్కడి ప్రత్యేకత తెలుస్తుంది. కోటాలో కోచింగ్ సెంటర్ ఒకచోట, పేరు నమోదైన స్కూలు ఇంకోచోట. విజయవాడలో రెండూ ఒకే గేటు లోపల ఉంటాయి. అదే లెక్చరర్, అదే బెంచీ, అదే ఫీజు. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది: 16 ఏళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, రోజుకు ఐదు గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు వెనక్కివ్వాలి. కోచింగ్‌ను, స్కూలును వేర్వేరుగా ఊహించుకుని రాసిన నిబంధనలివి. రెండూ కలిసిపోయిన చోట ఐదు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఎవరు తేల్చాలి? ఉదయం ఆరుకు మొదలయ్యే స్టడీ అవర్ చదువా, కోచింగా?

సెక్షన్ అనే నిచ్చెన

విద్యార్థుల ఫిర్యాదుల్లో తిండి, నిద్ర తర్వాత ఎక్కువగా వినిపించేది సెక్షన్ల మాటే. చేరేటప్పుడు ఒక స్క్రీనింగ్ టెస్ట్, తర్వాత వారం వారం టెస్టులు, కొన్ని టెస్టుల మార్కులు కలిపి ‘షఫ్లింగ్’. నోటీసు బోర్డు మీద కాగితం అంటించగానే ఎవరు పైకి వెళ్లారో, ఎవరు కిందికి దిగారో అందరికీ తెలుస్తుంది. సెక్షన్ మారితే లెక్చరర్లు మారతారు, మెటీరియల్ మారుతుంది, కొన్నిచోట్ల బిల్డింగే మారుతుంది. స్నేహితులూ మారిపోతారు.

యాజమాన్యాల వైపు నుంచి దీనికొక తర్కం ఉంది. మంచి లెక్చరర్లు కొద్దిమందే, వాళ్ల గంటలు పరిమితం. ర్యాంకు తెచ్చే అవకాశం ఎక్కువున్న చోట ఆ గంటలు పెడితే ఫలితం ఎక్కువ. ఆ ర్యాంకు మరుసటి ఏడాది పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన అవుతుంది, బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ అవుతుంది, దాన్ని చూసి వేలమంది చేరతారు. అలా చేరినవారిలో ఎక్కువమంది కూర్చునేది ప్రకటన పుట్టిన సెక్షన్‌లో కాదు. పై సెక్షన్ ఖర్చును కింది సెక్షన్ల ఫీజులు మోస్తున్నాయని అనుకోవడానికి ఈ నిర్మాణమే చాలు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనలపై నిబంధనలు తెచ్చింది. ఫలితాల తర్వాత విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదు, చదివిన కోర్సు ఏదో చెప్పాలి అన్నది. ఒక్కో ర్యాంకును రెండు మూడు సంస్థలు తమదని చెప్పుకునే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంతకన్నా గట్టి మాట సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో తీర్పిస్తూ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం మానుకోవాలని కోచింగ్ సంస్థలకు చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. టెలి మానస్ 14416 లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలంది. కౌన్సెలర్‌ను పెట్టడం, నంబరు గోడకు రాయడం తేలిక. సెక్షన్లు తీసేయడం మాత్రం కష్టం, ఎందుకంటే మొత్తం వ్యాపార నమూనా దాని మీదే నిలబడి ఉంది. పేర్లు మార్చి నడపడానికి వీలున్న విషయం కూడా ఇదే.

ఫీజు చేతిలో కాగితాలు

2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 54తో జూనియర్ కాలేజీ ఫీజులు నిర్ణయించింది. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో ఎంపీసీ, బైపీసీకి ఏడాదికి 20 వేలు. ఆ ఏడాది డిసెంబరులోనే హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటి నుంచి ఆచరణలో ఫీజు అంటే కాలేజీ చెప్పిందీ, తల్లిదండ్రులు బేరమాడి తగ్గించుకోగలిగిందీ.

బాకీ ఉన్న ఫీజుకు హామీగా పనిచేసేవి కాగితాలు. ఇంతకుముందు హాల్‌టికెట్ ఆపడం మామూలు ఆయుధం. 2025 ఫిబ్రవరి నుంచి ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో విద్యార్థి నేరుగా హాల్‌టికెట్ తీసుకునే వీలు రావడంతో ఆ పిడికిలి సడలింది. చిన్న సాంకేతిక మార్పు, ఎన్నో సర్క్యులర్ల కన్నా బాగా పనిచేసింది. చదివిన క్యాంపస్ ఒకటైతే హాల్‌టికెట్ మీద కాలేజీ పేరు ఇంకొకటి కనిపించి ఆశ్చర్యపోయేవారు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. టీసీ ఇంకా కాలేజీ బీరువాలోనే ఉంటుంది. కౌన్సెలింగ్ తర్వాత సీటొచ్చిన చోట రిపోర్ట్ చేయాలంటే అది కావాలి. జూన్, జులైలో ఆఫీసు కిటికీ ముందు ‘డ్యూ క్లియర్ చేసి రండి’ అనే మాట వినబడేది అందుకే.

పక్క దారులు

ఇదొక్కటే దారి కాదు. విజయవాడకు దగ్గర్లోని నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008 నుంచి, కోవిడ్ ఏళ్లు మినహా, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటోంది. అక్కడ మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానం, మధ్యలో ఎంట్రన్స్ లేదు. పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం 2025 జనవరిలో విజయవాడ పాయకాపురం కాలేజీలోనే మొదలైంది. ఈ దారులున్నా పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటికొచ్చి మాట్లాడేది కార్పొరేట్ కాలేజీ పీఆర్వోనే. ప్రభుత్వ కాలేజీకి పీఆర్వో ఉండడు.

తమిళనాడు అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ 2007 నుంచి ఇంజినీరింగ్‌కు రాష్ట్ర ఎంట్రన్స్ లేదు, ప్లస్ టూ మార్కులతోనే సీటు. దాంతో ప్రైవేటు స్కూళ్లు పదకొండో తరగతి పాఠాలు వదిలేసి రెండేళ్లూ పన్నెండో తరగతే రుద్దడం మొదలుపెట్టాయి. దాన్ని ఆపడానికి 2017-18లో పదకొండో తరగతికీ పబ్లిక్ పరీక్ష పెట్టారు, 2025లో తీసేస్తామన్నారు. ఆంధ్రాలో కూడా 2025 జనవరిలో ఫస్టియర్ పబ్లిక్ పరీక్ష రద్దు చేయాలని బోర్డు ప్రతిపాదించి, అభిప్రాయాలు విన్నాక వెనక్కి తగ్గింది. ఎంట్రన్స్ తీసేస్తే రుద్దుడు బోర్డు పరీక్షలోకి జరుగుతుంది, బోర్డు పరీక్ష తగ్గిస్తే ఎంట్రన్స్‌లోకి జరుగుతుంది. కొద్దిపాటి మంచి సీట్ల కోసం ఎక్కువమంది నిలబడినంత కాలం ఏదో ఒక వైపు అది ఉబ్బుతూనే ఉంటుంది. ఇంజినీరింగ్ సీట్లకు రాష్ట్రంలో కొదవ లేదు. పోటీ అంతా కొన్ని కాలేజీలకు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్‌కు.

కొత్త సిలబస్ ఏం మార్చగలదు?

2025-26లో ఫస్టియర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ (సీబీఎస్ఈ బడుల్లో చదివేది) వచ్చింది. మ్యాథ్స్ రెండు పేపర్లు ఒక్కటై 100 మార్కులయ్యాయి, బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ద్వితీయ భాషే చదవాలన్న కట్టడి సడలింది. విద్యా సంవత్సరం ఏప్రిల్లోనే మొదలవుతోంది. సెకండియర్‌కు ఈ మార్పు 2026-27లో. అంటే 2026 మార్చిలో బయటికొచ్చినవారు పాత పద్ధతిలో ఆఖరి బ్యాచ్. ఒక్క సబ్జెక్టు తప్పినా సప్లిమెంటరీలో పాత పుస్తకమే పట్టుకోవాలి, పక్క బెంచీలో జూనియర్ చేతిలో కొత్త పుస్తకం ఉంటుంది.

జేఈఈ, నీట్ రెండూ ఎన్‌సీఈఆర్‌టీ చుట్టూ తిరిగేవే కనుక పాఠం స్థాయిలో రెండు చదువులు దగ్గరవుతాయి. ముఖ్యంగా బైపీసీ వాళ్లకు లాభం ఎక్కువ, ఎందుకంటే నీట్ బయాలజీలో పుస్తకంలోని వాక్యమే ప్రశ్నగా రావడం మామూలే. బోర్డుకు ఒక పుస్తకం, నీట్‌కు ఇంకో పుస్తకం అనే తిప్పలు వాళ్లకు తగ్గుతాయి. ఎంపీసీలో ఆ లాభం అంత తేలిగ్గా రాదు. ఏప్రిల్ మొదలు వల్ల కలిసొచ్చే వారాలు పాఠాన్ని నెమ్మదిగా చెప్పడానికి వాడతారా, ఇంకో రౌండ్ గ్రాండ్ టెస్టులకు వాడతారా అన్నది యాజమాన్యాల చేతిలో ఉంది. ఇప్పటిదాకా మిగిలిన రోజులు టెస్టులకే పోయాయి.

అసలు తేడా తెలిసేది 2027 మార్చిలో, కొత్త సెకండియర్ ఫిజిక్స్ పేపర్ తెరిచినప్పుడు. దాని తర్వాత రెండు మూడేళ్ల పేపర్లు పక్కపక్కన పెట్టి, పెద్ద ప్రశ్నలు ఏ చాప్టర్ల నుంచి వస్తాయో గైడ్లు అమ్మే కుర్రాడు మళ్లీ ముందే చెప్పగలిగితే, మారింది పుస్తకం అట్ట మాత్రమే.